వరహాలమ్మ కల్యాణ మండపం

కోటిలంక పురపాలక సంఘం రికార్డుల ప్రకారం నిరుడు జ్యేష్ఠమాసం దాకా మా ఊళ్లో ఏడు కల్యాణ మండపాలు ఉండేవి. కంటికి కనబడేవి మాత్రం ఆరు. ఆ ఏడోదాని తాలూకు అర్జీలన్నీ రాసినవాణ్ణి నేనే కనక, దాని పుట్టుక దగ్గర్నుంచి కూల్చివేత దాకా జరిగింది జరిగినట్టు చెప్పగలను.

నా పేరు సత్యానందం. మునిసిపల్ ఆఫీసు గేటు పక్కన, సైకిల్ స్టాండుని ఆనుకుని, ఒక చెక్కబల్ల, రెండు స్టూళ్లు వేసుకుని ఇరవై రెండేళ్లుగా అర్జీలు రాస్తున్నాను. జనం నన్ను రైటరు గారంటారు. పుట్టిన తేదీ తప్పు పడినవాళ్లు, కుళాయి రానివాళ్లు, బతికుండగానే చనిపోయినట్టు నమోదైనవాళ్లు అందరూ నా బల్ల మీదుగానే లోపలికి వెళ్తారు. అందులో చాలామంది మళ్లీ నా బల్ల దగ్గరికే తిరిగొస్తారు.

ఏప్రిల్ మొదటివారంలో ఒక మధ్యాహ్నం వరహాలమ్మ వచ్చింది. కాలువ వీధిలో రెండు గదుల రేకుల ఇల్లు ఆవిడది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో కాపురం. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లల్లేరు. బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసుకుంటుంది. ఆ బొగ్గుల పొగకి ఆయాసం పట్టుకుంది. నెలనెలా వచ్చే వితంతు పింఛనుతో ఆ ఆయాసానికి పీల్చే మందు కొనుక్కుంటుంది. అంతకుమించి ప్రభుత్వంతో ఆవిడకు వ్యవహారమేమీ లేదు.

"రైటరు గారూ, నాకు కల్యాణ మండపం ఉందంటండి," అంది స్టూలు మీద కూర్చుంటూ.

"ఎక్కడ?" అన్నాను.

"అదే తెల్దండి. మీకేమైనా తెలుస్తుందేమోనని వచ్చేను."

విషయమేమిటంటే, ఒకటో తారీఖున రావలసిన పింఛను రాలేదు. వార్డు సచివాలయానికి వెళ్లి అడిగితే అక్కడి అమ్మాయి కంప్యూటరు చూసి, "మీ పేరు మీద కల్యాణ మండపం ఉంది కదా మామ్మగారూ, మండపాల ఓనర్లకి పింఛను రాదు," అని చెప్పింది. పైగా, మా అన్నయ్య పెళ్లికి ఏమన్నా తగ్గిస్తారా అని కూడా అడిగిందట.

ఆవిణ్ణి వెంటబెట్టుకుని రెవెన్యూ ఆఫీసరు ముకుందరావు గారి గదికి వెళ్లాను. ముకుందరావు గారు చెడ్డవాడు కాడు. లంచం తీసుకోడు, కేకలు వెయ్యడు, ఫైలు పారేసుకోడు. ఆయనకున్న ఒకే ఒక్క లోపం తన శాఖ చెప్పిందంతా నమ్మడం.

"కూర్చోండమ్మా," అన్నాడు. "ఆస్తి పన్ను మదింపు అనేది ఒక శాస్త్రం. కట్టడం వైశాల్యం ఎంత, ఏ జోనులో ఉంది, రేకులా శ్లాబా, వయసెంత, కాపురానికా వ్యాపారానికా, ఈ అయిదూ కలిపితే దాని అద్దె విలువ తేలుతుంది. దాన్నిబట్టి పన్ను. పూర్వం ఇదంతా బిల్లు కలెక్టరు టేపు పట్టుకుని కొలిచేవాడు. మానవుడు కొలిస్తే పొరపాట్లు వస్తాయి. అందుచేత ఈ ఏడాది నుంచి 'గగన వీక్షణం' పథకం కింద మానవుణ్ణి తొలగించాం. డ్రోను పైనుంచి ఫోటో తీస్తుంది. కంప్యూటరు మదింపు చేస్తుంది. మేం కేవలం నిమిత్తమాత్రులం."

కంప్యూటరు తెర మావైపు తిప్పాడు. కాలువ వీధి ఆకాశం నుంచి కనబడుతోంది. మధ్యలో వరహాలమ్మ ఇల్లు ఉండవలసిన చోట నీలం, తెలుపు చారల పెద్ద కప్పు. దానిముందు వరసగా మోటారు సైకిళ్లు. ఒక మూల పొగ.

వరహాలమ్మ తెరకు ముఖం ఆనించి చూసింది. చూసి పకపకా నవ్వింది. "ఇది షామియానా కదండీ! మా పక్కింటి పరుపుల కొట్టు ఆయన మనవడికి పంచెల ఫంక్షను చేసేరు మాఘమాసంలో. వీధంతా టెంటు వేసేరు. మా ఇల్లు దాని కిందుందండి. నాకు రెండు లడ్డూలు, జాకెట్టు ముక్క పెట్టేరు."

"షామియానా అనే తరగతి సాఫ్టువేరులో లేదమ్మా," అన్నాడు ముకుందరావు గారు జాలిగా. "పైకప్పు రెండు వేల ఆరువందల నలభై చదరపు అడుగులు. ఎదుట వాహనాలు, వెనక వంట పొగ. కాబట్టి కల్యాణ మండపం."

"తాళ్లు నా ఇంటి దూలానికే కట్టేరండి, కావాలంటే చూడండి, గుర్తులు కూడా ఉన్నాయి."

"అయితే కప్పుకి స్థిరమైన ఆధారం ఉందన్నమాట," అంటూ ఆయన ఏదో నొక్కాడు. తెర మీద 'తాత్కాలికం' అన్నది పోయి 'పక్కా' అని వచ్చింది.

"అదిగోండి, ఆ మూల నల్లగా ఉన్నది నా నీళ్ల డ్రమ్ము!"

"నీటి నిల్వ సౌకర్యం," అని మళ్లీ నొక్కాడు.

నేను వరహాలమ్మ మోచెయ్యి పట్టుకుని లేపాను. ఆవిడ ఇంకో రెండు నిజాలు చెబితే మండపానికి పై అంతస్తు కూడా లేచేటట్టుంది.

పన్ను ఎంతో కాగితం మీద చూపించాడు. ఆర్నెల్లకి ఆవిడ అంతకుముందు కట్టేది రెండొందల పన్నెండు రూపాయలు. ఇప్పుడు నలభై ఒక్క వేల చిల్లర. వరహాలమ్మ ఆ అంకె చూసి భయపడలేదు. అది తనకు సంబంధించిన అంకెలాగే అనిపించలేదు ఆవిడకి. "అది సరేనండి, నా పింఛనెప్పుడొస్తుంది?" అని మాత్రం అడిగింది.

"రివిజను పిటిషను పెట్టుకోండి. స్పెషల్ నోటీసు అందిన ముప్పై రోజుల్లోగా కమిషనరు గారికి దాఖలు చెయ్యాలి."

"నాకు నోటీసేం అందలేదండి."

ముకుందరావు గారు ఫైలు తిరగేశాడు. "అందింది. మండపం ప్రధాన ద్వారానికి అతికించమని బిల్లు కలెక్టరుని పంపాం. ద్వారం కనబడకపోవడం చేత ఆఫీసు నోటీసు బోర్డుకి అతికించి వచ్చాడు. చట్టప్రకారం అందినట్టే. ఇంకా ఆరు రోజుల గడువుంది."

ఆ సాయంత్రమే పిటిషను రాశాను. పన్ను మీద అభ్యంతరం చెప్పేవాళ్లకి నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను. ఎక్కువయింది, కట్టలేను, కనికరించండి అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ అంకె తప్పో, ఎందుకు తప్పో రాయాలి. వైశాల్యం తప్పు, తరగతి తప్పు, వినియోగం తప్పు. ఈ మూడూ విడివిడిగా రాసి, పాత పన్ను రసీదులు పదకొండు, ఇంటి ఫోటోలు నాలుగు, స్థలం దస్తావేజు నకలు జతచేశాను. రెండు ప్రతులు తీసి, ఒకదానిమీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించి ఆవిడ చేతిలో పెట్టాను. "ఇది పోగొట్టుకోకమ్మా, ఈ ముద్రే నీకు ఆధారం," అన్నాను. ఆవిడ దాన్ని మడతపెట్టి, ఇస్త్రీ చేసిన చీర మధ్యలో దాచింది.

విచారణ పది రోజులకి పడింది. మా కమిషనరు గారు కుర్రాడు, చదువుకున్నవాడు. గగన వీక్షణాన్ని అందరికంటే ముందు అమలు చేసినందుకు వచ్చిన ప్రశంసాపత్రం ఆయన కుర్చీ వెనక గోడ మీద ఉంది. దాన్ని చూసి మాట్లాడాలంటే ఎవరికైనా కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

"పిటిషనరు వాదన ఏమిటి?" అన్నాడు.

"మండపం లేదండి," అంది వరహాలమ్మ.

"లేదనడానికి రుజువేమిటి? ఉన్నదానికి ఫోటో ఉంది. లేనిదానికి మీరు ఏ ఫోటో చూపిస్తారు?"

నేను జతచేసిన నాలుగు ఫోటోలు చూపించాను. ఆయన వాటిని తిరగేసి, "వీటిలో ఒక చిన్న రేకుల ఇల్లుంది. మండపం లేదని ఎక్కడుంది? మండపం బయట నిలబడి కూడా ఇలాంటి ఫోటో తియ్యొచ్చు కదా?" అన్నాడు.

వరహాలమ్మ కాసేపు ఆలోచించింది. "మీరొకసారి మా వీధిలోకి వచ్చి చూస్తే కనబడదు కదండీ," అంది.

కమిషనరు గారి ముఖంలో నిజంగానే ఒక ఆలోచన మెదిలింది. "క్షేత్ర పరిశీలన," అన్నాడు నెమ్మదిగా. "మంచి సూచన. రెవెన్యూ ఆఫీసరు స్వయంగా వెళ్లి నివేదిక సమర్పించాలి."

ఆ నివేదిక వచ్చేలోపు ఇంకో సంగతి జరిగింది. పురపాలక సంఘం వాళ్లు పౌరుల సౌకర్యార్థం ఊళ్లోని మండపాల జాబితా తమ వెబ్‌సైటులో పెట్టారు. ఒక ఆదివారం పొద్దున వీరభద్రం అనే పెద్దమనిషి కాలువ వీధిలో మూడుసార్లు అటూ ఇటూ తిరిగి వరహాలమ్మ ఇంటిముందు ఆగాడు. లంకల్లో కొబ్బరిపీచు వ్యాపారం ఆయనది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను, నా చొక్కాల కోసం వెళ్లి.

"ఇక్కడ వరహాలమ్మ కల్యాణ మండపం ఎక్కడండి?" అని అడిగాడు.

వరహాలమ్మ పెట్టె పక్కన పెట్టింది. "నేనేనండి వరహాలమ్మని. మండపం లేదండి. ఆఫీసోళ్లు రాసుకున్నారంతే."

ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మా, ఎంతమాటన్నారు! మా అమ్మాయి పెళ్లండి, జ్యేష్ఠ మాసంలో. ముందు మాట్లాడుకున్న హాలాయన ఎవరో పెద్దోళ్లొచ్చేరని నాకు లేదు పొమ్మన్నాడు. మునిసిపల్ హెల్ప్‌లైనుకి ఫోను చేస్తే మీ మండపం ఆ తేదీకి ఖాళీగా ఉందన్నారు."

"ఆ తేదీకేనా అండి, ఏ తేదీకైనా ఖాళీయే."

"శుభలేఖలు అచ్చేయించేశానండి," అంటూ ఆయన సంచిలోంచి ఒకటి తీసి చూపించాడు. పసుపు అంచు, వినాయకుడి బొమ్మ, కింద ఎర్ర అక్షరాల్లో: వేదిక, వరహాలమ్మ కల్యాణ మండపం, కాలువ వీధి, కోటిలంక. "ఆరొందలు పంచేశాను. మా వియ్యాలవారు అసలే పట్టింపు మనుషులు. మండపం లేదని తెలిస్తే నేనేదో మోసం చేశాననుకుంటారు."

ఆయన ఇస్త్రీ బల్ల అంచున కూలబడ్డాడు. వరహాలమ్మ గ్లాసుడు మంచినీళ్లిచ్చింది. శుభలేఖ మీద తన పేరుని చాలాసేపు చూసింది. అంత పెద్ద అక్షరాల్లో తన పేరు ఆవిడ ఎప్పుడూ చూసుకుని ఉండదు.

"కంగారుపడకండి. ఏదో ఒకటి ఆలోచిద్దాం," అంది. ఎందుకందో నాకు అర్థంకాలేదు. ఆలోచించవలసిన అవసరం ఆవిడకేమీ లేదు.

మర్నాడు ముకుందరావు గారు టేపుతో, కొలతలకి గొలుసు పట్టే ఇద్దరు మనుషులతో వచ్చాడు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. ఆయన ముందుగా మండపం ఉత్తర హద్దు దగ్గర నిలబడ్డాడు. అది పరుపుల కొట్టాయన గేటు. దక్షిణ హద్దు కాలువ గట్టు మీద పడింది. తూర్పు హద్దుకి టేపు సాగదీస్తే ఒక గేదె అడ్డం వచ్చింది. అరగంట కొలిచాక చెమట తుడుచుకుని, వరహాలమ్మ ఇంటి గోడలు తట్టి చూసి, రేకులు లెక్కపెట్టి వెళ్లిపోయాడు.

"చూసేడు కదండీ, ఇంక పింఛను వచ్చేస్తుంది," అంది వరహాలమ్మ సంబరంగా.

నివేదిక నేను స్వయంగా నకలు తీసుకున్నాను. అందులో ఇలా ఉంది: "ప్రాంగణమును క్షుణ్ణముగా పరిశీలించగా మండపము ఎచటను కానరాలేదు. ఫిబ్రవరి మాసమున గగన వీక్షణములో స్పష్టముగా ఉన్న కట్టడము నేడు లేకుండుటను బట్టి, సదరు కట్టడమును యజమానురాలు అనుమతి లేకుండ కూల్చివేసినట్లు భావించవలసియున్నది."

వారం తిరక్కుండా టౌన్ ప్లానింగు శాఖ నుంచి తాఖీదు వచ్చింది. అనుమతి లేకుండా కూల్చివేసినందుకు జరిమానా ఎందుకు విధించకూడదో తెలియజెయ్యాలి. కూల్చివేత రికార్డులోకి ఎక్కేదాకా మండపం ఉన్నట్టే లెక్క. పన్ను, పింఛను సంగతులు యథాతథం.

ఆ కాగితం చదివి వినిపించినప్పుడు మొదటిసారి వరహాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికి రెండు నెలల పింఛను పోయింది. పీల్చే మందు డబ్బా అయిపోవచ్చింది. రోజుకి రెండుసార్లు పీల్చవలసిందాన్ని ఒక్కసారికి తగ్గించింది. గట్టిగా నాలుగు అడుగులు వేస్తే నిలబడి ఊపిరి కూడదీసుకుంటోంది.

"కట్టేనన్నారు. సరే అన్నాను. కూల్చేనంటున్నారు. నేను ఇస్త్రీ ఎప్పుడు చేసుకున్నానంటారు రైటరు గారూ, ఇన్ని పనులు పెట్టుకుని?" అంది.

టౌన్ ప్లానింగు ఆఫీసరు హేమనళిని గారు ఆ ఆఫీసు మొత్తంలో తెలివైన మనిషి. అడిగినదానికి సూటిగా జవాబు చెబుతారు. జవాబు ఎటు పోయినా ఆవిడకు చింత లేదు.

"దీనికి ఒకటే మార్గం," అన్నారు ఆవిడ. "కూల్చివేత క్రమబద్ధీకరణకి దరఖాస్తు చేసుకోండి. కూల్చకముందు ఒక ఫోటో, కూలుస్తుండగా ఒకటి, కూల్చాక ఒకటి. మూడూ మా సమక్షంలో తియ్యాలి. అవి ఎక్కించగానే మండపం రికార్డులోంచి పోతుంది."

"ఇదివరకే కూలిపోయిందని మీ నివేదికే చెబుతోంది కదండీ. కూల్చకముందు ఫోటో ఎలా వస్తుంది?" అన్నాను.

"మళ్లీ కూల్చండి."

"దేన్నండీ?"

"రికార్డులో ఉన్నదాన్ని. అదే కొలత, అదే రంగు. ఫోటో సరిపోలకపోతే కంప్యూటరు ఒప్పుకోదు." ఆవిడ గొంతు కొంచెం తగ్గించారు. "ఖర్చు మీకేమీ ఉండదు. అక్రమ కట్టడాల తొలగింపు నిధి మా దగ్గర మూలుగుతోంది. ఈ ఏడాది ఒక్కటి కూడా కూల్చలేదు. ఉన్నవి కూల్చాలంటే ఎవరో ఒకరు అడ్డం పడుతున్నారు. మీదైతే ఆ ఇబ్బంది లేదు."

అలా పురపాలక సంఘం ఖర్చుతో, పంచెల ఫంక్షనుకి వేసిన అదే టెంట్ల షాపు నుంచి, అదే నీలం తెలుపు చారల షామియానాని వరహాలమ్మ ఇంటిమీద తిరిగి నిర్మించి కూల్చడానికి ఫైలు తయారైంది. తేదీ ఖాళీగా ఉంచారు.

ఆ సంగతి చెప్పడానికి వెళితే వరహాలమ్మ గూట్లోంచి వీరభద్రం గారిచ్చిన శుభలేఖ తీసింది.

"ఆ తేదీ ఇదిగో ఇది వేయించండి రైటరు గారూ. ముహూర్తం పొద్దున్న ఏడూ నలభైకి. వీళ్లెలాగూ పందిరి వేస్తున్నారు. ఆ పిల్ల పెళ్లయ్యాక కూల్చుకోమనండి."

"నీ పనే ఇంకా తేలలేదు, మధ్యలో వాళ్ల గొడవెందుకమ్మా?"

"శుభలేఖల మీద నా పేరేసుకున్నాడండి పాపం," అంది.

హేమనళిని గారు అభ్యంతరం చెప్పలేదు. "మండపం వినియోగంలో ఉన్నట్టు ఫోటో ఉంటే ఫైలుకి బలం," అని తేదీ వేశారు. కమిషనరు గారు మాత్రం ముందురోజు సాయంత్రం ఒక సవరణ చేశాడు: భోజనాలయ్యాకే కూల్చాలి. మానవతా దృక్పథం అని ఫైలులో రాసుకున్నాడు.

పెళ్లి బాగా జరిగింది. అబద్ధమెందుకు, మా ఊళ్లో ఉన్న ఆరు మండపాల్లోనూ అంత గాలి రాదు. కాలువ మీంచి చల్లగా వీచింది. వరహాలమ్మ ఇల్లు సరిగ్గా పందిరి మధ్యలో ఉండడం చేత పెళ్లికూతురి ముస్తాబు గదికి అక్కరకొచ్చింది. పెళ్లికొడుకు పట్టుపంచె నలిగిందని పెళ్లివారు కంగారుపడితే వరహాలమ్మ అయిదు నిమిషాల్లో ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఈ సౌకర్యం వేరే ఏ మండపంలోనూ లేదని వియ్యపురాలు పదిమందికీ చెప్పింది. వీరభద్రం గారు ఆవిడకు చీర పెట్టి కాళ్లకి దండం పెట్టబోతే, "లేవండి లేవండి, వడ్డన చూడండి," అని తోలేసింది.

కమిషనరు గారు అక్షింతలు వేశాడు. ముకుందరావు గారు ములక్కాడ సాంబారు రెండోసారి వేయించుకున్నాడు. హేమనళిని గారు తినే ముందు మొదటి ఫోటో తీశారు.

రెండు గంటలకి జేసీబీ వచ్చింది. డ్రైవరు తల బయటకి పెట్టి అటూ ఇటూ చూశాడు.

"ఏది పడగొట్టాలండి?"

"ఎదురుగా ఉన్న మండపం."

"ఇది గుడ్డ కదండీ?"

"ఆదేశంలో మండపం అని ఉంది," అన్నాడు ముకుందరావు గారు.

"చిరక్కుండా పడగొట్టు తమ్ముడూ, సాయంత్రం వేరే చోటకి వెళ్లాలి!" అని టెంటు షాపాయన ఒక గుంజ పట్టుకుని అరిచాడు.

జేసీబీ తన ఉక్కు చేతిని నెమ్మదిగా చాచి, మూలనున్న వెదురు గుంజని ముట్టుకుంది. గుంజ ఒరిగింది. షామియానా ఒక పక్క నుంచి గాలి తీసినట్టు దిగిపోయింది. ఇంకా విస్తళ్ల ముందున్న నలుగురు ముసలివాళ్లు దానికింద ఉండిపోయి, ఎవరో పెరుగు అడుగుతున్న గొంతు వినబడింది. వాళ్లని బయటకి లాగాక రెండో ఫోటో తీశారు. పెళ్లికి వచ్చినవాళ్లు ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. గుడ్డ చుట్టేసి బండిలోకి ఎక్కించాక, ఎండలో మెరుస్తున్న రేకుల ఇల్లు, గుమ్మంలో కొత్త చీర పట్టుకుని నిలబడ్డ వరహాలమ్మ, అది మూడో ఫోటో.

మర్నాడు పత్రికల జిల్లా పేజీలో 'అక్రమ మండపంపై ఉక్కుపాదం' అని వచ్చింది. కమిషనరు గారికి ఇంకో ప్రశంసాపత్రం వచ్చింది. వరహాలమ్మకు మరుసటి నెల ఒకటో తారీఖున పింఛను వచ్చింది. ఆ సాయంత్రమే మందుల షాపుకెళ్లి డబ్బా కొనుక్కుని, మా బల్ల దగ్గర ఆగి, నా ఎదుటే గట్టిగా పీల్చి, కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది.

"హమ్మయ్య. ఇంక ఆఫీసుతో పని లేదండి," అంది.

ఆవిడకి లేదుగాని, ఆఫీసుకి ఆవిడతో పని పడింది. సెప్టెంబరులో ముకుందరావు గారు నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఇరవై రెండేళ్లలో లోపలి మనిషి బయటకొచ్చి నా స్టూలు మీద కూర్చోవడం అదే మొదలు.

"మండపాన్ని తొలగించినప్పుడు మదింపు నంబరు మొత్తం పోయింది సత్యానందం గారూ," అన్నాడు. "ఆ నంబరు మీదే ఆవిడ ఇల్లు కూడా ఉంది. ఇప్పుడు రికార్డులో అక్కడ ఏమీ లేదు. కాలువ వీధిలో అన్ని ఇళ్లకీ మదింపు పూర్తయిందని నేను సంతకం పెట్టాలి. ఒక ఇల్లు తక్కువ వస్తోంది. ఆడిటు వాళ్లు వచ్చే సోమవారం వస్తున్నారు."

"మీరే ఎక్కించెయ్యండి."

"మేం ఎక్కించడానికి లేదు. యజమాని తనంతట తాను కోరితేనే కొత్త మదింపు. మానవుణ్ణి తొలగించాం కదా." ఆయన గొంతు చాలా చిన్నదయిపోయింది. "మీరు చెబితే ఆవిడ అర్జీ పెడుతుందేమో."

నేను అర్జీ కాగితం, పెన్ను తీసుకుని ఆయనతోపాటు కాలువ వీధికి వెళ్లాను. వరహాలమ్మ ఆస్పత్రి నర్సుల తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆయన చెప్పిందంతా విన్నది.

"అంటే ఇప్పుడు నాకు ఇల్లు లేదండీ?"

"రికార్డులో లేదమ్మా."

"పన్నూ లేదా?"

"లేదు. కాని అలా ఉండటం మంచిది కాదు. రేపు కుళాయికీ, కరెంటుకీ, దేనికైనా ఇంటి నంబరు అడుగుతారు. ఇల్లు మీదేనని చెప్పుకోవడానికి కాగితం ఉండదు." ఆ మాట ఆయన నిజాయితీగానే అన్నాడు.

వరహాలమ్మ నా వైపు చూసింది. అవునన్నట్టు తలూపాను.

"సరేనండి, పెడతాను. మరి కొలతలు ఎవరేస్తారు? డ్రోనా?"

"నేనే వేస్తాను."

ముకుందరావు గారు బూట్లు విప్పి లోపలికి వెళ్లాడు. ఈసారి ఎవరూ టేపు రెండో కొస పట్టుకోవడానికి రాలేదు. నేనే పట్టుకున్నాను. పొడవు పంతొమ్మిది అడుగులు. వెడల్పు పదహారు. గోడలు ఇటుక, కప్పు సిమెంటు రేకు. వయసు ముప్పై ఒక్క ఏళ్లు. యజమానురాలు స్వయంగా కాపురముంటున్నది. ముందు గదిలో బల్ల వేసుకుని ఇస్త్రీ చేసుకుంటున్నది. వరహాలమ్మ పట్టుబట్టి ఇవన్నీ ఆయన చేతే, ఆయన దస్తూరీతోనే రాయించింది. తర్వాత నన్ను పైకి చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను. గోడ అవతల పరుపుల కొట్టాయన కూడా వింటున్నాడని నాకు తెలుసు.

"మూడొందల నాలుగు అడుగులు," అంది ఆవిడ తనలో తాను, ఒక్కొక్క మాటా పలికి చూసుకుంటున్నట్టు. "అంతేనండి. నేను మొదటి రోజు నుంచీ చెప్తున్నది అదే కదండీ."

ముకుందరావు గారు తలెత్తలేదు. పరిశీలించి సరిచూడడమైనది అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, జేబులోంచి ముద్ర తీసి నొక్కాడు. కాగితం ఆవిడ ముందుకు జరిపాడు.

"ఇంక మీరు ఇక్కడ సంతకం పెడితే అయిపోతుందమ్మా. ఆఫీసు అయిదింటికి మూసేస్తారు."

వరహాలమ్మ పెట్టె మూత తెరిచి నిప్పులు చూసుకుంది. ఎర్రగా కణకణమంటున్నాయి.

"ఇప్పుడే రాజుకున్నాయండి. వదిలేస్తే బొగ్గులు దండగ. ఈ దొంతరవ్వనివ్వండి, పెడతాను."

దొంతర నడుము ఎత్తుంది. ముకుందరావు గారు గడియారం చూసుకున్నాడు, దొంతర చూశాడు, ఆవిణ్ణి చూశాడు. ఆవిడ ఒక కోటు తీసి, నీళ్లు చిలకరించి, కాలరు దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఆయన గుమ్మం పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.